గడువు తీరిన పేరు

మొదటి ఉత్తరం ఏప్రిల్ పద్నాలుగున వచ్చింది. ఇల్గిజ్ దాన్ని చూశాడు. చూడలేదని ఆ తరవాత తనకు తానే చాలాసార్లు చెప్పుకున్నాడు గానీ, చూశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాడు. "మీ పేరు గడువు నెల రోజుల్లో తీరిపోతుంది, పన్నెండు డాలర్లు కట్టి పొడిగించుకోండి" అని ఉంది అందులో. చదివి, డబ్బు కట్టకుండా, ఎవరికీ ఫోన్ చెయ్యకుండా, లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాడు.

ఆ పేరు అతనిది కాదు. ఆక్ కియిజ్ డాట్ ఆర్గ్ అనే వెబ్ సైట్ పేరది. ఆక్ కియిజ్ అంటే తెల్ల కంబళి. ఇస్సిక్-కుల్ సరస్సుకి దక్షిణపు ఒడ్డున, ఆక్-బులక్ అనే ఊళ్ళో ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు ఒక సంఘంగా చేరి, గొర్రెల ఉన్నిని తడిపి, చుట్టి, తొక్కి, పొట్టేలు కొమ్ముల నమూనాలు కత్తిరించి షిర్దక్ తివాచీలు కుడతారు. ఆ సంఘానికి పెద్ద బురుల్. ఊరంతటికీ ఆవిడ ఎజె, అంటే పెద్దక్క. పదిహేనేళ్ళ కిందట ఇల్గిజ్ చదువుకునే రోజుల్లో ఒక వేసవంతా ఆవిడింట్లో తిని, ఆవిడింట్లో పడుకుని, ఆ సంఘానికి వెబ్ సైట్ కట్టిపెట్టాడు. అప్పట్లో ఆ ఊళ్ళో ఎవరికీ మెయిల్ అనేది లేదు. అందుకని ఉత్తరాలు తన మెయిల్‌కే వచ్చేలా పెట్టాడు. సైట్‌ పేరుకి సొంతదారుగా మాత్రం సంఘాన్నే రాయించాడు. ఆ వయసులో అతనికి అంత నిజాయితీ ఉండేది.

ఏటా మార్చి నెలలో బురుల్-ఎజె బస్సు డ్రైవర్‌కి ఒక సంచీ ఇచ్చి పంపేది. ఎండబెట్టిన ఆప్రికాట్లు, వాటి నడుమ మడిచిన నోట్లు, "పేరు డబ్బులు" అని రాసిన చీటీ. ఈ ఏడూ పంపింది. ఆప్రికాట్లు ఇల్గిజ్ తిన్నాడు. నోట్లు జేబులో పెట్టుకున్నాడు, అవి ఎప్పుడు ఖర్చయ్యాయో కూడా అతనికి గుర్తులేదు. ఈ కథలో అతన్ని వెనకేసుకురావాలని చూసేవాళ్ళు ముందు ఇక్కడ కాసేపు ఆగాలి.

ఇల్గిజ్ పని ఏమిటని ఎవరైనా అడిగితే అతని మామగారు పెద్దగా నవ్వేవాడు. "మా అల్లుడు చచ్చిన పేర్లు ఏరుకుంటాడండీ," అనేవాడు పెళ్ళిళ్ళలో, పదిమంది ముందర. మాట మోటుదే గానీ అబద్ధం కాదు. నెట్‌లో పేరన్నది అద్దె కొంపలాంటిది. ఏటేటా కడితే నీది, మానేస్తే కాదు. మరిచిపోయినవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళు, కొట్టు కట్టేసినవాళ్ళు వదిలేసిన పేర్లు రోజూ వేలకు వేలు రాలిపోతుంటాయి. అందులో నూటికి తొంభై తొమ్మిది చెత్త. మిగిలిన ఆ ఒక్కదాని కోసం ప్రపంచం నలుమూలలా జనం కళ్ళు కాయలు కాచేలా కూర్చుంటారు. రాజధాని బిష్కెక్‌లో ఒక తొమ్మిదంతస్తుల భవనంలో, వంటింటి పక్క గదిలో ఇల్గిజ్ కూడా ఎనిమిదేళ్ళుగా అలాగే కూర్చున్నాడు. చెప్పుకోదగ్గ పేరు చేతికి చిక్కింది రెండే రెండుసార్లు.

సరిహద్దు అవతల అల్మాటీలో ఆర్తూర్ అని ఒకడున్నాడు. జూదం సైట్లు నడిపేవాళ్ళ కోసం పాత పేర్లు కొంటాడు. కొత్తగా పెట్టిన పేరైతే ఎవడూ పట్టించుకోడు. అదే ఏళ్ళ తరబడి మ్యూజియాలు, పత్రికలు, విశ్వవిద్యాలయాలు "ఇక్కడికి వెళ్ళి చూడండి" అని దారి చూపిస్తున్న పేరైతే, వెతికినవాడి కంటికి ముందు అదే పడుతుంది. ఆ పరువుని కొనుక్కుని దానిమీద పేకాట బల్ల వేస్తారన్నమాట. ఏప్రిల్ మొదట్లో ఆర్తూర్ ఫోన్ చేసి, "చేతిపనుల పేర్లు ఏమన్నా ఉన్నాయా? అలాంటివాటికి మంచి గిరాకీ. నాలుగువేల డాలర్ల దాకా ఇస్తాను," అన్నాడు. అది జరిగిన పది రోజులకి ఆ ఉత్తరం వచ్చింది.

పేరు సంఘానిది కాబట్టి బురుల్-ఎజె సంతకం లేకుండా అమ్మడానికి లేదు. కానీ గడువు తీరి రాలిపోయాక పట్టుకుంటే అది పట్టుకున్నవాడిది. ఏమిటని అడిగే హక్కు ఎవరికీ ఉండదు. ఆ పేరు పట్టిస్తానని ఆర్తూర్‌తో అన్నాడు కూడా. పైగా మే నెలాఖరుకి ఊరంతా గొర్రెల్ని తోలుకుని కొండమీది మేత బీళ్ళకు వెళ్ళిపోతుంది. అక్కడ ఫోన్ ఉండదు, నెట్ ఉండదు, సెప్టెంబరు దాకా సైట్ సంగతి ఎవరికీ పట్టదు. వాళ్ళకి వేరే పేరుతో కొత్త సైట్ కట్టిచ్చేస్తే పోలా అనుకున్నాడు. పాతదానికంటే బాగా కట్టిద్దాం అని కూడా అనుకున్నాడు. తప్పు చెయ్యబోయేవాడికి ఇలాంటి దయగల ఆలోచనలు చాలా వస్తాయి.

మే పద్నాలుగున గడువు తీరింది. సైట్ ఆరిపోయింది. అయినా ఇంకా నలభై అయిదు రోజులు మామూలు రుసుముకే తిరిగి తీసుకోవచ్చు. ఇల్గిజ్ తీసుకోలేదు. ఆ తరవాత ముప్పై రోజులు జరిమానాతో తీసుకోవచ్చు. అప్పుడూ తీసుకోలేదు. ఉత్తరాలు మొత్తం తొమ్మిది వచ్చాయి, తొమ్మిదీ చదివాడు. ఇక మిగిలింది ఆఖరి అయిదు రోజులు. ఆ అయిదు రోజులూ పేరుకి తాళం పడిపోతుంది. సొంతదారు వచ్చి కాళ్ళావేళ్ళా పడినా, కోటి డాలర్లు గుమ్మరించినా తిరిగి ఇవ్వరు. అయిదో రోజు సాయంత్రం అది రాలుతుంది, అప్పుడు ఎవడి చెయ్యి ముందుంటే వాడిది.

తాళం పడిన రెండో రోజున బురుల్-ఎజె తలుపు తట్టింది.

చేతిపనుల సంత కోసం కొండ దిగి నగరానికి వచ్చిందట. భుజాన తివాచీల మూట, చేతిలో అయిదు లీటర్ల సీసా నిండా పులిసిన గుర్రం పాలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, లిఫ్ట్ పాడైతే ఏడంతస్తులూ ఎక్కి వచ్చింది. ఇల్గిజ్ భార్య ఐసాల్కిన్ పరుగెత్తుకెళ్ళి మూట అందుకుంది.

"ఏమే, మా వాడికి తిండి పెడుతున్నావా లేదా?" అని నవ్వింది బురుల్-ఎజె కూర్చుంటూ. "ముఖం చూడు, సున్నం కొట్టిన గోడలా ఉంది."

"పెడుతూనే ఉన్నాను ఎజే. తినేదంతా ఆ కంప్యూటర్‌కి పోతోంది," అంది ఐసాల్కిన్.

ఇల్గిజ్ నవ్వాడు. నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

రెండు గిన్నెలు తాగాక బురుల్-ఎజె అసలు సంగతి ఎత్తింది. "ఒరేయ్ నాయనా, సంతలో ఒక జర్మనీ ఆవిడ కనిపించింది. మన దగ్గర ఏటా కొంటుంది. మీ పేజీ తెరుచుకోవడం లేదు, సంఘం మూసేశారేమో అనుకున్నాను, అని పాపం కన్నీళ్ళు పెట్టుకుంది. ఏమైందిరా?"

నిజం ఇల్గిజ్ నాలుక చివర దాకా వచ్చింది. వచ్చి, అక్కడ బురుల్-ఎజె ముఖం చూసి, వెనక్కి పోయింది. "అది... యంత్రం బాగుచేస్తున్నారు ఎజే. పెద్ద యంత్రం. ఈ వారంలో అయిపోతుంది. మళ్ళీ తెరుచుకుంటుంది," అన్నాడు.

ఆవిడ అతని ముఖంలోకి కాసేపు చూసింది. ఇల్గిజ్ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "సరే నాయనా. నీకు తెలియందేముంది. నీ చేతిలో పెట్టాం, నువ్వే చూసుకుంటావు," అని లేచింది. వెళ్తూ వెళ్తూ అతని తల నిమిరింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి తల. అతనికి ఆ చెయ్యి కాలినట్టు అనిపించింది.

తలుపు వేసి ఐసాల్కిన్ తిరిగి వచ్చింది. "ఏ యంత్రం?" అంది.

ఆమె కదల్లేదు. చివరికి ఇల్గిజ్ చెప్పాడు. అంతా చెప్పాడు, ఆప్రికాట్ల సంచీలో వచ్చిన డబ్బు సంగతి తప్ప.

"ఇప్పుడే కట్టెయ్," అంది ఐసాల్కిన్. "ఎంతైనా సరే కట్టెయ్."

"ఇప్పుడు ఎవరూ కట్టలేరు. తాళం పడింది. మొన్నటిదాకా అయితే..."

"మొన్నటిదాకా నువ్వేం చేస్తున్నావు? రోజులు లెక్కపెట్టుకుంటున్నావా? ఆవిడ ఆ పాలు మోసుకుని ఏడంతస్తులు ఎక్కింది. ఆ గిన్నె పుచ్చుకుని నువ్వు తాగావు! సిగ్గులేదూ నీకు?"

ఉంది. సిగ్గుంది గనకే ఇల్గిజ్ ఆ క్షణాన ఒక ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆర్తూర్‌కి ఇవ్వను, పట్టుకుని ఎజెకే ఇచ్చేస్తాను, ఆవిడకి తెలియనే తెలియదు, యంత్రం బాగుపడిందనే అనుకుంటుంది. తప్పు దిద్దుకోవాలి, కానీ తప్పు చేశానని ఎవరికీ తెలియకూడదు. అతను కోరుకున్నది అదీ. సగం మంచితనం అంతే, అది తన ముఖాన్ని తాను ముందు కాపాడుకుంటుంది.

పేరు రాలే సాయంత్రం ఎనిమిది గంటలకే కూర్చున్నాడు. బయట ఇంకా వెలుతురుంది, కింద పిల్లలు బంతి ఆడుతున్నారు.

దూరంనుంచి చూసేవాళ్ళకి ఇదో బొత్తాం నొక్కే పనిలా ఉంటుంది. నిజానికి ఈ పేర్లన్నిటి లెక్కా ఉంచే ఖజానా దగ్గర నేరుగా "ఇది నాకివ్వండి" అని అడిగే హక్కు కొన్ని కంపెనీలకే ఉంది. ఒక్కో కంపెనీకి సెకనుకి ఇన్నిసార్లే అడగాలని పరిమితి. అందుకని బాగా డబ్బున్నవాళ్ళు వందలకొద్దీ కంపెనీలు కాగితం మీద పెట్టుకుని, వందల నోళ్ళతో ఒకేసారి అడుగుతారు. ఇల్గిజ్‌కి ఉన్నది ఒకే ఒక్క చిన్న కంపెనీలో అద్దెకి తీసుకున్న వాటా, దూరదేశంలో ఖజానాకి దగ్గర్లో ఒక అద్దె కంప్యూటర్. సెకనుకి ఆరుసార్లు అడగగలడు. పేరు ఏ క్షణాన రాలుతుందో ఎవరూ ముందు చెప్పరు. అరగంటలో ఏ క్షణమైనా కావచ్చు. రెప్పపాటులో వెయ్యో వంతు ఆలస్యమైనా అయిపోయినట్టే.

ఎనిమిది నలభై ఒకటికి తెరమీద వరస మారింది. అప్పటిదాకా "తాళంలో ఉంది, తాళంలో ఉంది" అని వస్తున్నది ఒక్కసారిగా "మరొకరికి చెందినది" అయింది. మధ్యలో "ఖాళీగా ఉంది" అన్న మాట అతని కంటపడనే లేదు. ఎవరో పెద్ద కంపెనీ పట్టేసింది. వాళ్ళు పట్టిన పేర్లని వారం రోజులు బహిరంగ వేలానికి పెడతారు.

నా చేతిలో ఉన్నదాన్ని నేనే కింద పడేశాను, అనుకున్నాడు ఇల్గిజ్. పన్నెండు డాలర్లు కట్టి ఉంచుకోగలిగినదాన్ని, నాదవ్వాలని వదిలేసి, ఇప్పుడు ఎవడి చేతిలోంచో అడుక్కోవాలి. తల కొట్టేసినట్టయింది అతనికి. వంటింట్లోకి వెళ్ళడానికి మొహం చెల్లక ఆకలితోనే కూర్చున్నాడు.

వేలం డెబ్భై తొమ్మిది డాలర్లతో మొదలైంది. పాడేవాళ్ళ పేర్లు కనిపించవు, అంకెలే. ఇల్గిజ్ రెండో నంబరు. ఒకటో నంబరు ఆర్తూరే అయి ఉండాలి. ఎందుకంటే మూడో రోజు వెయ్యి దాటగానే ఒకటో నంబరు తప్పుకుంది, గంట తిరక్కుండా ఫోన్ వచ్చింది.

"పట్టిస్తానని వదిలేసుకున్నావుగా, హీరో," అన్నాడు ఆర్తూర్. "నేను తప్పుకున్నా. నాకు అలాంటివి ఇంకో రెండు దొరికాయి. నువ్వింకా ఎందుకు పాడుతున్నావు? కంబళ్ళు కుడతావా?"

ఇల్గిజ్ ఫోన్ పెట్టేశాడు. కొంచెం ఊపిరి తీసుకున్నాడు కూడా. కానీ ఆ సాయంత్రమే కొత్తగా ఒకడు దిగాడు. అయిదో నంబరు. ఇల్గిజ్ పదకొండొందల యాభై అంటే వాడు పదకొండొందల అరవై అంటాడు. పదమూడొందలంటే పదమూడొందల పది. ఎప్పుడూ పదే పెంచుతాడు. పిసినారిలా ఉన్నాడు, కానీ వదలడు. ఇంకో జూదగాడు, ఆర్తూర్‌ని మించినవాడు, అనుకున్నాడు ఇల్గిజ్. వాడి చేతికి చిక్కితే బురుల్-ఎజె తివాచీలు ఉన్నచోట నగ్నంగా నిలబడ్డ ఆడవాళ్ళు పేకముక్కలు పట్టుకుని ఉంటారు. జర్మనీ ఆవిడ చూస్తుంది. మ్యూజియం వాళ్ళు చూస్తారు. పదిహేనేళ్ళు ఉన్ని తొక్కిన ఆ ఆడవాళ్ళ పేరు మీద ఇదంతా నడుస్తుంది. ఈ సారన్నా వదలకూడదు అనుకున్నాడు.

ఆఖరిరోజు మధ్యాహ్నం రెండింటికి వేలం ముగియాలి. చివరి నిమిషంలో ఎవరైనా పాడితే ఇంకో అయిదు నిమిషాలు పొడిగిస్తారు. అలా పొడిగిస్తూ పొడిగిస్తూ మూడున్నర దాకా సాగింది. ఇల్గిజ్ భయపెట్టాలని ఒకేసారి మూడొందలు పెంచాడు. అవతలివాడు నాలుగు నిమిషాలు ఆగాడు. ఇక వెళ్ళిపోయాడనుకునేసరికి మళ్ళీ ఓ పది. ఐసాల్కిన్ వెనకాల నిలబడి, "కారు కోసం దాచింది మొత్తం పెట్టెయ్," అంది. అంతకుముందు వారం రోజులుగా ఆమె అతనితో మాట్లాడలేదు. మొత్తం పెట్టాడు, రెండువేల తొమ్మిదొందలు. అయిదో నంబరు రెండువేల తొమ్మిదొందల పది. ఇల్గిజ్ దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. అయిదు నిమిషాలూ గడిచిపోయాయి.

అతను బల్లమీద తల వాల్చేశాడు. ఏడవడం లేదు, ఏడ్చే యోగ్యత కూడా తనకి లేదనిపించింది. ఐసాల్కిన్ భుజంమీద చెయ్యి వేసింది. "వెళ్ళి చెప్పేద్దాం," అంది. "ఇద్దరం వెళ్దాం."

అప్పుడే ఫోన్ మోగింది. బురుల్-ఎజె.

"సుయుంచు!" అని అరిచింది ఆవిడ. "సుయుంచు, నాయనా!"

శుభవార్త తెచ్చినవాళ్ళు మా వైపు ముందు ఆ కేక వేస్తారు. విన్నవాళ్ళు ఏదో ఒక బహుమతి ఇస్తామంటేనే సంగతి బయటపెడతారు. ఇల్గిజ్‌కి ఆ కేక అర్థం కాలేదు. "ఇస్తాను ఎజే. మీరు ఏది అడిగితే అది," అన్నాడు ఇల్గిజ్ ఎలాగో.

"మన పేరు మనకి వచ్చేసిందిరా! ఇప్పుడే! మా ఐజిరెక్ గెలిచింది!"

ఐజిరెక్ ఆవిడ కోడలు, బళ్ళో పాఠాలు చెబుతుంది. సంగతంతా బురుల్-ఎజె ఒక్క ఊపున చెప్పుకొచ్చింది. సంతనుంచి తిరిగి వెళ్ళాక కోడల్ని కొండమీంచి ఊళ్ళోకి దింపి పేజీ తెరిచి చూడమందట. అక్కడ 'ఈ పేరు వేలంలో ఉంది' అని కనిపించిందట. "నీతో చెబుదామంది ఐజిరెక్. నేనే వద్దన్నాను. నీ ముఖం చూసినప్పుడే నాకు అర్థమైందిరా నాయనా, నువ్వు కట్టడం మరిచిపోయావని. యంత్రం గింత్రం అన్నావు గానీ, నీకు అబద్ధం చెప్పడం ఎప్పుడు వచ్చు? మరిచిపోవడం ఎవరికైనా ఉండేదే. అడిగితే సిగ్గుపడతావు, ఇన్నేళ్ళు చేసిన పిల్లాడిని సిగ్గుపెట్టడం ఎందుకు, మనమే తెచ్చుకుని ఊరుకుందాం అన్నాను. ఇప్పుడు వచ్చేసిందిగా, ఇక చెప్పినా ఫరవాలేదు!"

ఇల్గిజ్ తెరమీది అయిదో నంబరుకేసి చూశాడు.

"కానీ ఎవడో ఉన్నాడురా ఎదురుగా," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "రెండో నంబరు. మేం పది పెంచితే వాడు వంద పెంచుతాడు. వాడే లేకపోతే వెయ్యితో పోయేది. చలికాలానికి ఉన్ని కొందామని దాచిందంతా పోయింది. మన సంఘంలో ముసలావిడ జూరా-అపా ఆవుని అమ్మేసింది. వాడికి తల్లి లేదేమో. సర్లే, వాడి పాపం వాడిది. అందరం కొండ దిగి ఊళ్ళోకి వచ్చేశాం, బుధవారం నువ్వు రావాలి. గొర్రెని కోస్తున్నాం. పేజీ మళ్ళీ నిలబెట్టాల్సింది నువ్వే కదా!"

ఫోన్ పెట్టేశాక ఇల్గిజ్ భార్యకి ఆ మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింది. ఆఖరికి, "వాళ్ళని మోసం చేసిందీ నువ్వే, వాళ్ళని కాపాడబోయి దోచిందీ నువ్వే," అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

బుధవారం వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు, ఐసాల్కిన్ వస్తానన్నా వద్దన్నాడు. బస్సులో అయిదు గంటలూ చెప్పాల్సిన మాటలు వరస పెట్టుకున్నాడు. బస్సు దిగగానే చెబుదామనుకున్నాడు. దిగగానే నలుగురు ఆడవాళ్ళు మీదపడి ముద్దులు పెట్టుకున్నారు. ఇంట్లోకి వెళ్ళగానే చెబుదామనుకున్నాడు. వెళ్ళగానే తలుపుకి ఎదురుగా ఉండే గౌరవ స్థానంలో కూర్చోబెట్టి, వీపు వెనక మూడు దిండ్లు పెట్టారు. అందరికంటే పెద్దవాళ్ళకి పెట్టే గొర్రె తల తెచ్చి అతని ముందే పెట్టారు, ఊళ్ళో అతనికంటే పెద్దవాళ్ళు ఉండగా. ఎవరో చెప్పిన హాస్యానికి అందరితో పాటు నవ్వాడు కూడా. సిగ్గుతో చితికిపోవడమంటే ఏమిటో ఆ గంటన్నరలో అతనికి తెలిసింది.

తినడం అయింది. నేలమీద పరిచిన భోజనం గుడ్డ చుట్టూ ఇరవై ముగ్గురూ కూర్చుని ఉన్నారు. ఇక బాతా చెప్పాలి. చేతులు దోసిలిలా తెరిచి పెద్దవాళ్ళు నాలుగు మంచి మాటలతో దీవిస్తే, అందరూ ఓమిన్, అంటే తథాస్తు, అని ముఖం తుడుచుకుని లేస్తారు. బాతా పడకుండా భోజనం దగ్గర్నుంచి లేవడం మాలో లేదు. అందరికంటే పెద్దది జూరా-అపా, అంటే జూరా అమ్మ, ఎనభై ఒకటో ఏడు. ఆవు అమ్మింది ఆవిడే.

జూరా-అపా చేతులు ఎత్తింది. ఎత్తి, "మంచి మాట తరవాత చెబుతాను. ముందు ఆ రెండో నంబరువాడి లెక్క తేల్చేద్దాం," అంది. అరచేతుల్ని బయటికి తిప్పి, చేతుల వెనక వైపు తనకేసి పెట్టుకుంది.

తిరగేసిన బాతా తిట్టులాంటిది కాదు. తిట్టు గాలికి పోతుంది. ఇది తండ్రి కొడుకుని శాశ్వతంగా వదులుకునేటప్పుడు ఇస్తాడు, అదీ తరానికి ఒకసారి. చాలామంది జీవితంలో చూసి ఉండరు.

"వద్దు అపా," అంది బురుల్-ఎజె. "ఎవడో ముక్కూ మొహం తెలియనివాడికి..."

"నాకు తెలియకపోతేనేం, పైవాడికి తెలుసు. వాడు మూడొందలు పెంచినప్పుడు ఐజిరెక్ ఉన్ని డబ్బు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది, నేను చూశాను. తిప్పండమ్మా చేతులు."

ఒకరి తరవాత ఒకరు తిప్పారు. ఐజిరెక్ కూడా తిప్పింది. బురుల్-ఎజె ఆఖరున తిప్పింది, ఇష్టం లేకుండానే. తిప్పనివి రెండే చేతులు. అవి ఇల్గిజ్ మోకాళ్ళమీద ఉన్నాయి.

"ఎత్తు బాబూ," అంది జూరా-అపా. "నువ్వూ మా ఇంటివాడివే."

"నేనే అపా," అన్నాడు ఇల్గిజ్.

అర్థం కాలేదు ఎవరికీ. జూరా-అపా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"రెండో నంబరు నేనే. మీకోసమే పాడుతున్నాను అనుకున్నాను. అవతల ఉన్నది మీరని తెలియదు." ఇంతవరకు చెప్పి ఆగితే కొందరైనా జాలిపడేవాళ్ళే. అది అతనికీ తెలుసు. ఆగాలనిపించింది కూడా. "మరిచిపోవడం కూడా అబద్ధం ఎజే. తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. అన్నీ చదివాను. మీరు పంపిన డబ్బులు తీసుకున్నాను. కట్టలేదు. రాలిపోతే నేను పట్టుకుని జూదం నడిపేవాడికి అమ్ముకుందామని కట్టలేదు. మీరు మా ఇంటికి వచ్చిన రోజు కూడా ఇదంతా తెలిసే యంత్రమని అబద్ధం చెప్పాను."

చెప్పేసి, ఇక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అలాగే ఎత్తి ఉంచుకున్నాడు. అందరి చేతులూ ఇంకా తిరగేసే ఉన్నాయి. ఇప్పుడవి అతని వైపే ఉన్నాయి.

ఎవరూ తిట్టలేదు. తిడతారని సిద్ధపడి వచ్చాడు, తిడితే బాగుండేది. ఐజిరెక్ ముందు చేతులు దించి ఏడవడం మొదలుపెట్టింది. బురుల్-ఎజె అతని ముందున్న గొర్రె తలకేసి చూసింది.

"అడిగితే ఇచ్చేసేదాన్ని కదరా," అంది బురుల్-ఎజె. "ఎజే, నాకు అవసరం పడింది, ఆ పేరు నాకిచ్చెయ్ అని మొదటిరోజే వచ్చి అడిగి ఉంటే ఇచ్చేసేదాన్ని. మేం ఇంకో పేరు పెట్టుకునేవాళ్ళం."

ఇల్గిజ్‌కి తెలుసు, ఆవిడ నిజంగానే ఇచ్చేసేది.

అందరూ జూరా-అపా వైపు చూశారు. ముసలావిడ తన చేతులకేసి చూసుకుంది. శపించలేదు, దీవించలేదు. రెండు చేతులూ దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాతా పడలేదు కాబట్టి ఎవరూ లేవడానికి లేదు. ఇల్గిజ్ కూడా లేవడానికి లేదు. పళ్ళెంలో మాంసం మీద కొవ్వు గడ్డకట్టింది, టీ చల్లారిపోయింది, ఇరవై ముగ్గురు ఆడవాళ్ళూ అతనూ ఆ గుడ్డ చుట్టూ అలాగే కూర్చుని ఉన్నారు.